హైందవి వదిన గిన్నె

ఆ రోజు ఇంట్లో అత్తయ్య ఛాయాదేవి, మామయ్య జోగారావు, పనిచేసే రత్నమాల, నేను ఉన్నాం. అత్తయ్య లెక్కలో ఆమె కూతురు హైందవి కూడా ఉంది.

హైందవి వదిన చనిపోయి ఏడాదిన్నర. ఒంట్లో రక్తం తక్కువగా ఉంది, రోజూ మొలకలు తినమని డాక్టరు చెప్పినా, అమీర్‌పేటలో జావా క్లాసుకు టైమవుతోందని గిన్నె వదిలేసి పరుగెత్తేదట. ఆ చలికాలం వచ్చిన జ్వరాన్ని తట్టుకోలేకపోయింది.

పదో తరగతి అయ్యాక ఇంటర్ చదవడానికి నేనొచ్చేసరికి అత్తయ్య రోజూ రెండు గిన్నెలు సిద్ధం చేస్తోంది. మొలకెత్తిన పెసలు, శనగలు, పైన నిమ్మరసం. ఒకటి నాకు. రెండోది వదిన గదిలో, కంప్యూటర్ పక్కన.

వచ్చిన వారానికి ఆకలేసి, ఎలాగూ పారేసేవే కదా అని వదిన గిన్నెలోవి కూడా తినేశాను.

"తిందండీ! నా తల్లి తింది!" అత్తయ్య ఖాళీ గిన్నెను గుండెకు హత్తుకుని మామయ్య దగ్గరికి పరుగెత్తింది. చాన్నాళ్ల తర్వాత ఆ పూట కడుపునిండా అన్నం తింది. ఇక నిజం చెప్పలేకపోయాను. రోజూ తిన్నాను. ఆ గదిలో శనగలు నములుతుంటే నా పక్కనే ఇంకెవరో నములుతున్నట్టుండేది. నేను ఆపాక ఒక్క క్షణానికి ఆ చప్పుడు ఆగేది.

ఆ రోజు పొద్దున మామయ్య పంజాగుట్టలోని ల్యాబు నుంచి నా రక్తపరీక్ష కాగితం తెచ్చారు.

"ఏంటి ధాత్రీ, వచ్చినప్పుడు హిమోగ్లోబిన్ ఎనిమిది, ఇప్పుడు పన్నెండు! మీ అత్తయ్య మెస్సు పెడితే ఇక్కడి హాస్టళ్లన్నీ మూతబడతాయి."

రత్నమాల నవ్వింది. "పొల్ల మస్తు నిగనిగలాడుతున్నదమ్మా. అక్క గిన్నె సుత గీమెనే తింటున్నదేమో, జర చూస్కోండ్రి!"

అత్తయ్య కూడా నవ్వింది. నవ్వుతూనే నా బుగ్గలు చూసింది, వదిన చుడీదార్ సరిగ్గా పట్టిన నా భుజాలు చూసింది. నవ్వు ఆగిపోయింది.

"నువ్వేనా?"

కాదంటే నమ్మేది. కాదనమనే ఆమె కళ్లు అడుగుతున్నాయి. అంతలో వదిన గదిలోంచి నమిలే చప్పుడు వినిపించింది. నా నోట్లో ఏమీ లేదు.

"నేనే అత్తయ్యా. మొదటి రోజు నుంచీ."

"అయితే నా బిడ్డ ఒక్క రోజు కూడా తినలేదా?"

ఆమె ఆ పూట గిన్నె తీసుకుని వదిన గదిలోకి నడిచింది. "అత్తయ్యా" అంటూ వెనకే వెళ్లాను.

"నువ్వు రాకు. నిన్ను చూస్తే అది తినదు."

నా ముఖం మీదే తలుపు వేసేసింది.