గుంటలోంచి తీసిన పంపు

ఆంజనేయులు నేలమీద బోర్లా పడుకుని, కుడి చెయ్యి భుజం దాకా గుంటలోకి దించి, ఆగిపోయిన పంపును పైకి లాగాడు. దాని చుట్టూ గడ్డకట్టిన నూనె, నెయ్యి, అందులో ఇరుక్కున్న దీపపు వత్తులు. బయట మైనస్ ముప్పై. పైన మోటెల్ హాల్లో సత్యనారాయణ వ్రతం జరుగుతోంది. బూరెలు వేయించిన నూనెంతా ఓనరు భార్య సూర్యకుమారి నిన్న సింకులోనే ఒంపేసింది. వెనకే వేడినీళ్ళు పోస్తే పోతుందని ఆవిడ నమ్మకం.

మోటెల్ మురుగంతా బేస్‌మెంట్‌లోని ఈ గుంటలోకే దిగుతుంది. పంపు దాన్ని ఊరి లైన్లోకి ఎత్తిపోస్తే, అది ఊరవతల లగూన్‌కు, అంటే మురుగు చెరువుకు, చేరుతుంది. గుంట పక్క గదుల్లోనే ఓనరు వీరభద్రరావు కాపురం. మొన్ననే మీగడ రంగు కార్పెట్ వేయించాడు.

ఆ ఏడు కెనడాలోని రెజైనాలో ఏ కాఫీషాపు ముందు చూసినా మన విద్యార్థులే రెజ్యూమెలు పట్టుకుని నిలబడేవాళ్ళు. కాలేజీ అయిపోయిన ఆంజనేయులు, పీఆర్‌కు, అంటే శాశ్వత నివాసానికి, వీరభద్రరావు జాబ్ లెటర్ ఇస్తానంటే గంటన్నర దూరంలోని ఈ పల్లెటూరికి వచ్చి రిసెప్షన్లో చేరాడు. మొదటిరోజే ఆయన అడిగాడు.

"మీదే ఊరబ్బాయ్?"

"చేబ్రోలు పక్కనండి."

"ఊళ్ళోనా, పల్లెలోనా?"

పల్లె అంటే అక్కడ దళితవాడ. ఇంత దూరం వచ్చాక దాచుకునేదేముందిలే అనుకుని ఆంజనేయులు "పల్లెలోనండి" అన్నాడు. మరుసటి వారం రిసెప్షన్లో ఇంకొకరు కూర్చున్నారు. ఇతనికి మాపూ, గుంటా మిగిలాయి. కెనడా వచ్చేటప్పుడు మనవాళ్ళు ఆవకాయ జాడీతోపాటు ఈ ఊరూ పల్లె లెక్కను కూడా భద్రంగా సర్దుకొస్తారు.

పంపు తోమడం అయ్యేసరికి సూర్యకుమారి మెట్లమీంచి పిలిచింది.

"ఆంజనేయులూ, లాండ్రీ రూములో ప్లేటు పెట్టా. తిని పంపు దించెయ్."

"సరే ఆంటీ. అప్పటిదాకా పైన నీళ్ళు వాడనీకండి."

బకెట్లో వేడినీళ్ళు తెచ్చుకుని మోచేతుల పైదాకా సబ్బుతో తోముకున్నాడు. చొక్కా మార్చుకున్నాడు. మంచినీళ్ళ బాటిల్ కోసం పైకి వెళ్తే, బంతిలో మొదటి కుర్చీలో డెబీ కనిపించింది. లగూన్ చూసుకునే కౌన్సిల్ ఉద్యోగి. డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టుంది, ఒంటిమీద ఆ నారింజ రంగు కోటే ఉంది. నుదుట సూర్యకుమారి పెట్టిన కుంకుమ. వీరభద్రరావు పట్టుపంచెలో స్వయంగా వంగి ఆమెకు బూరె వడ్డిస్తున్నాడు.

ఆంజనేయులుకు ఒళ్ళు మండిపోయింది. వెళ్ళి ఆమె పక్క కుర్చీలో కూర్చున్నాడు. డెబీ నవ్వి, అప్పుడే వడ్డించిన తన విస్తరి అతని ముందుకు జరిపింది.

"ఇక్కడేందిరా? నీకు కింద పెట్టాంగా," అన్నాడు వీరభద్రరావు, అతిథుల కోసం నవ్వు చెదరకుండా.

"ఈమె లగూన్ కాణ్ణించి వచ్చారు అంకుల్. నేను మీ గుంట కాణ్ణించి వచ్చా. ఈమె కూర్చుంటే లేంది, నేను కూర్చుంటే ఏంది?"

"అందరూ చూస్తున్నారు. లేచి పంపు దించిరా."

"నేను దించను."

"లెటర్ సంగతి గుర్తుందా?"

"ఉంది. అందుకేగా ఇన్నాళ్ళు చేసింది."

భయం వేయకపోలేదు. ఆ లెటర్ లేకపోతే వర్క్ పర్మిట్ గడువుతోనే ఈ దేశంలో బతుకు ముగుస్తుంది. కానీ భయాన్ని మించిన కసి లేచింది. ఈ మనిషి చెయ్యి ఒక్కసారి ఆ గుంటలో మునగాలి. తర్వాత ఏమైనా కానీ.

"శుభ్రంగా తోమి పక్కన పెట్టా. దించి ప్లగ్ పెట్టడమే. మీ గుంటే కదా, మీరే పెట్టుకోండి అంకుల్."

అప్పటికే పిల్లలు తిని లేచారు. బాత్రూముల్లో ట్యాపులు తిరిగాయి. కాసేపటికి కిందనుంచి సూర్యకుమారి గొంతు వినిపించింది.

"ఏవండీ, కార్పెట్ మీదికి వచ్చేస్తంది."

వీరభద్రరావు బంతి వెంట ఒక్కొక్క ముఖమూ చూశాడు. ఇంతసేపూ అన్నా, బావా అని పిలిచినవాళ్ళంతా విస్తళ్ళలోకి వంగిపోయారు. ఆంజనేయులు పప్పన్నం కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

పట్టుపంచె మోకాళ్ళపైకి ఎగ్గట్టి, ముక్కుకు కండువా అడ్డం పెట్టుకుని వీరభద్రరావు మెట్లు దిగుతున్నాడు. పైన ఎవరో మళ్ళీ ఫ్లష్ చేశారు.