ఖాళీ బండి లెక్క

ఫోను నాలుగోసారి మోగింది. రెండున్నర దాటినా గుమాస్తా ఇంకా అన్నం డబ్బా మూత తియ్యలేదు. ఎత్తకపోతే అద్దాల గదిలోంచి యజమాని తల తిప్పి చూస్తాడు. ఎత్తితే వడ్రంగి ఏడుస్తాడు. చివరికి ఎత్తింది.

"అమ్మా, నేనే, వడ్రంగిని. నిన్న సాయంత్రం నుంచీ బంకు దగ్గరే ఉన్నాం. ఇంకా రెండువందల యాభై కిలోమీటర్లుంది. యాభై లీటర్లు చాలన్నారు గదమ్మా. చీటీలో మీరు రాసినట్టే యాభై పోయించాను. బండి తాగేసింది."

ఆమె ముందు అట్టముక్కకు అంటించిన కాయితం ఒకటుంది. ఇలాంటి ఫోన్లకు ఏం చెప్పాలో యజమాని దగ్గరుండి రాయించాడు. ఆమె దాన్నే చదివింది. "అంచనా అంచనా మాత్రమే. డీజిలు బండి తీసుకున్నవారి బాధ్యత. గడువు దాటితే డిపాజిట్టు తిరిగి ఇవ్వబడదు."

"అది పొద్దున కూడా చదివారమ్మా," అన్నాడు వడ్రంగి. కోపంగా కాదు, అలిసిపోయి అన్నాడు. "రంపాలు అమ్ముదామని చూశాను. బంకు దగ్గర రంపం ఎవడు కొంటాడు? చంటిపిల్లకి పాలు లేవు. నాలుగింటికి గడువైపోతుంది. ఆ డిపాజిట్టు పోతే అక్కడ ఇంటికి అడ్వాన్సు ఏం పెట్టి కట్టను?"

ఆమె మళ్లీ అదే చదవబోయింది. అవతల ఫోను పెట్టేశాడు.

ఈ నెలలో ఇలా దారిలో ఆగిపోయిన బండి ఇది అయిదోది. సొంతంగా నడుపుకునే అద్దె ట్రక్కుల దుకాణం అది. ఇల్లు మారేవాళ్లు, బతుకు మారుతుందేమోనని ఊళ్లు మారేవాళ్లు వస్తారు. ఇక్కడ బండి తీసుకుని, సామాను వేసుకుని, రెండు రోజుల్లో చేరే ఊళ్లోని షెడ్డులో అప్పగించాలి. ఎవరొచ్చినా మొదట అడిగేది ఒక్కటే, డీజిలెంతవుతుందని. గోడమీద పెద్దక్షరాల్లో జవాబుంటుంది: లీటరుకు పన్నెండు కిలోమీటర్లు. దూరాన్ని పన్నెండుతో భాగించి, లీటరు ధరతో హెచ్చవేసి, చీటీ రాసి, సంతకం పెట్టి ఇవ్వడం గుమాస్తా పని. పన్నెండు అబద్ధం కాదు. ఖాళీ బండి, చదునైన రోడ్డు, గాలి కూడా వెనకనుంచి వీస్తే పన్నెండు వస్తుంది. కానీ ఇల్లు మారేవాడు ఖాళీ బండి ఎందుకు తీసుకుంటాడు?

ఆమె దగ్గర ఇంకో రిజిస్టరు కూడా ఉంది. యజమాని సొంత డ్రైవర్లు ఫ్యాక్టరీల సరుకు తోలుతారు. వాళ్లకు డీజిలు డబ్బు ఆమే లెక్కగట్టి ఇస్తుంది. ఆ రిజిస్టరులో లీటరుకు ఏడు. డ్రైవరు దారిలో ఆగిపోతే నష్టం యజమానిది గనక అక్కడ ఏడు. వడ్రంగి ఆగిపోతే లాభం యజమానిది గనక ఇక్కడ పన్నెండు. ఒకే బల్ల, ఒకే పెన్ను. మూడేళ్లుగా ఆ రెండంకెలూ ఆమె చేత్తోనే రాస్తోంది, ఇంటికెళ్లి అన్నం తింటోంది.

తినక ఏం చేస్తుంది? ఆమె భర్త ఈ దుకాణంలోనే సామాన్లెత్తేవాడు. సామానెక్కించే చెక్క జారి, ఇనప బీరువా అతని మీద పడి నడుం విరిగింది. యజమాని ఆసుపత్రిలో మొదటి వారం ఖర్చు పెట్టుకున్నాడు, ఆమెను పిలిచి ఈ కుర్చీ ఇచ్చాడు. నష్టపరిహారమన్న మాట ఎవరి నోటా రాకముందే కుర్చీ వచ్చింది. జీతం తొమ్మిది వేలు, అందులో మందులకే మూడు. యజమానిని అందరూ 'బాబాయ్‌గారూ' అనాలి. సార్ అంటే నొచ్చుకుంటాడు. మనమంతా ఒక కుటుంబం అంటాడు. కుటుంబంలో పరిహారాలు అడుక్కోరు గదా.

ఆవరణలో రెండో ట్రక్కు దగ్గర పిండిమర ఆడించే దంపతులు సామానెక్కించడం పూర్తిచేశారు. పొద్దున్నే అద్దె తొమ్మిది వేలు, డిపాజిట్టు ఎనిమిది వేలు కట్టారు. చీటీ రాయించుకుని బయల్దేరడమే మిగిలింది. మంచం, బీరువా, గిన్నెల మూటలు, వాటి ముందు మర. రాళ్లు, మోటారు, ఇనప చట్రం. ఆరుగురు పట్టి ఎక్కించారు. వెనక కమాన్లు కిందికి వంగి, చక్రాలు మడ్‌గార్డులకు అంటుకునేట్టున్నాయి.

ఇద్దరూ లోపలికొచ్చారు. ఇద్దరికీ యాభై దాటాయి. ఇరవైరెండేళ్లు మర ఆడించినవాళ్లు కాబట్టి ఇద్దరి కనుబొమల్లోనూ పిండి ఉంది, కడిగినా పోయేది కాదు. ఊళ్లో పెద్ద పిండి ఫ్యాక్టరీ వచ్చాక గిరాకీ పోయింది. అద్దె నాలుగు నెలలు ఆగింది, గది ఖాళీ చెయ్యమన్నారు. ఆవిడ అక్క ఉండే ఊళ్లో బజారు వీధిలో ఒక గది దొరికింది. ఎల్లుండి లోపల మర దించకపోతే ఆ గది ఇంకొకరికిస్తారు.

"ఎనిమిదివందల నలభై కిలోమీటర్లమ్మా," అన్నాడాయన. "చీటీ రాసిస్తే బయల్దేరతాం."

గుమాస్తా పెన్ను తీసింది. ఎనిమిదివందల నలభై, పన్నెండుతో భాగిస్తే డెబ్భై లీటర్లు. లీటరు తొంభై అయిదు. ఆరువేల ఆరువందల యాభై.

"మా దగ్గర ఏడున్నర వేలుంది," అన్నాడాయన తేలిగ్గా ఊపిరి పీల్చి. "సరిపోయి ఇంకా టీలకు మిగుల్తుంది."

ఆయన భార్య కదల్లేదు. బల్లమీదికి వంగి చీటీ చూసింది.

"ఏమ్మా, మర బరువెంతో నువ్వు అడగలేదే?"

"ఆఁ?"

"ఎంత బరువో అడక్కుండా ఎంత తాగుతుందో ఎట్లా చెప్పావు? మా మోటారే ఉందనుకో. మెత్తటి గింజ వేస్తే ఒక కరెంటు బిల్లు, రాయిలాంటి గింజ వేస్తే ఇంకో బిల్లు. పిండి కొద్దీ రొట్టె అంటారు. బరువు కొద్దీ డీజిలు కాదా?"

మూడేళ్లలో ఆ ప్రశ్న అడిగినవాళ్లు లేరు. చదువుకున్నవాళ్లు కూడా గోడమీద అంకె చూసి తలూపి వెళ్లారు. గుమాస్తా చెవులు వేడెక్కాయి. సిగ్గుతో చచ్చిపోతే బాగుండుననిపించింది, కాని సిగ్గుతో ఎవరూ చావరు.

"మర ఎంతుంటుందక్కా?" అంది మెల్లిగా.

"ఆరు క్వింటాళ్లు. నేనే తూకం వేయించాను. తూకం లేకుండా మా ఇంట్లో ఉప్పు కూడా కదలదు."

"నువ్వూరుకోవే," అన్నాడు భర్త. "కంపెనీవాళ్లకి తెలీదా? వెళ్లి తాళ్లు సరిగ్గా బిగించారో లేదో చూడు."

ఆవిడ అనుమానంగానే బయటికెళ్లింది. వెళ్లీ వెళ్లగానే ఆయన బల్లకు దగ్గరగా జరిగాడు. గొంతు మారింది.

"చెల్లెమ్మా, నేను కుర్రతనంలో లారీ తోలినవాణ్ణే. ఇంత బరువుకి పన్నెండు రాదని నాకూ తెలుసు. ఆ చిన్న అంకే ఉండనివ్వు. పెద్దంకె చూస్తే అది బండెక్కదు. మర ఇక్కడే తూకానికి అమ్మేద్దామంటుంది. మర పోయాక అక్కడికెళ్లి ఏం చేస్తాం, చేతులు కట్టుకుని అక్కగారింట్లో కూర్చుంటామా?"

"దారిలో ఆగిపోతే ఏం చేస్తావన్నా?"

"ఏదో ఒకటి చేస్తాను. మోటారు అమ్ముతాను. దాని చెవుల దుద్దులు అడుగుతాను. సగం దూరం పోయాక వెనక్కి పోదామని ఎవరూ అనలేరు గదా. ముందు కదలనివ్వు తల్లీ, నీకు పుణ్యముంటుంది."

అప్పుడామెకు యజమాని వ్యాపారమంతా అర్థమైంది. ఇన్నాళ్లూ తాము మోసం చేస్తున్నామనే అనుకుంది. ఇక్కడ మోసానికి ముందే మనుషులు మోసపోవడానికి సిద్ధపడి వస్తున్నారు. నిజం ధర పెట్టలేనివాళ్లు అబద్ధాన్ని అప్పు తెచ్చుకునైనా కొనుక్కుంటారు. వడ్రంగి కూడా ఇలాగే నవ్వి చీటీ జేబులో పెట్టుకున్నాడు. ఇవాళ అతని పిల్లకి పాలు లేవు.

ఆవిడ తిరిగొచ్చింది. "తాళ్లు బాగానే ఉన్నాయి. నా మాటకే జవాబు రాలేదు."

గుమాస్తా అద్దాల గదివైపు చూసింది. మంచంలో పడుకుని సాయంత్రం దాకా ఆమె అడుగుల చప్పుడుకోసం ఎదురుచూసే మనిషి గుర్తొచ్చాడు. పక్కకు తిరగాలన్నా అతనికి ఆమె చెయ్యి కావాలి. అయినా కింది సొరుగు తెరిచి రెండో రిజిస్టరు తీసి బల్లమీద పెట్టింది.

"ఇవి మా సొంత డ్రైవర్లకిచ్చే లెక్కలక్కా. ఇంత బరువుకి లీటరుకు ఏడు. నూట ఇరవై లీటర్లు పడుతుంది. పదకొండువేల నాలుగువందలు."

పాత చీటీ కొట్టేసి కింద కొత్త అంకె వేసింది. పక్కనే సంతకం పెట్టింది.

మరాయన మొహం తెల్లబడింది. "ఎంత పని చేశావమ్మా!" అన్నాడు. "నువ్వు మంచిదానివే కావచ్చు. నీ మంచితనం పోస్తే బండి నడుస్తుందా? మూడువేల తొమ్మిదివందలు నేనెక్కణ్ణుంచి తేను? ముందు నుయ్యి వెనక గొయ్యి అయితే ఉన్న చెక్క కూడా లాగేశావు." గోడకు తల ఆనించి నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి. మగవాడు ఏడుస్తుంటే ఎక్కడ చూడాలో గుమాస్తాకు తెలియలేదు. మంచి చేసిందో చెడు చేసిందో కూడా ఆ క్షణాన ఆమెకు తెలియదు.

భార్య మాత్రం ఏడవలేదు. రెండంకెలనూ వేలితో తాకి చూసింది, తక్కెడలో రెండు వైపులూ చూసినట్టు.

"నాలుగువేలు తక్కువ. మన ఎనిమిదివేలు వీళ్ల దగ్గరే ఉన్నాయి గదయ్యా. అందులోంచి నాలుగు మన చేతిలో పెడితే బండి గడువులోపలే చేరుతుంది. వీళ్ల బండి వీళ్లకి ముడుతుంది. ఏమ్మా, తప్పా నేనన్నది?"

తప్పేమీ లేదు. లెక్క అంత చిన్నది. అందుకే ఆ గదిలో దాన్ని ఎవరూ వెయ్యలేదు.

అద్దాల తలుపు తెరుచుకుంది. యజమాని నవ్వుతూ వచ్చాడు. బల్లమీద రిజిస్టరు చూశాక కూడా ఆ నవ్వు కాసేపు అలాగే ఉంది, విప్పడం మర్చిపోయిన చెప్పుల్లాగా.

"అమ్మాయ్, ఏమిటిది?"

"ఏడు బాబాయ్‌గారూ. బరువుకి ఏడు."

"అది మన ఇంటి లెక్కమ్మా. ఇంటి లెక్క వీధిలో పెడతారా?" అని మర దంపతులవైపు తిరిగాడు. "పొరపాటు పడిందండీ. ఇంట్లో మనిషికి బాగాలేదు, పాపం తనకి మతి స్థిమితంగా ఉండటం లేదు. డెబ్భై లీటర్లే. బయల్దేరండి."

"డిపాజిట్టులో నాలుగువేలు ఇప్పించండి బాబూ," అందావిడ.

"రూలు ఒప్పుకోదమ్మా. అలా అయితే సామాను దించేసుకోండి. అద్దె మాత్రం వెనక్కి రాదు."

"దించను," అందావిడ.

అరవలేదు. బయటికి నడిచింది, ట్రక్కు వెనక తలుపు పట్టుకుని పైకెక్కింది, మరరాయి మీద కూర్చుంది. కొంగు తీసి మొహం తుడుచుకుంది. "ఆరుగురు పట్టి ఎక్కించారు," అంది అక్కణ్ణుంచే. "నాతో కలిపి దించాలంటే ఎనిమిదిమంది కావాలి. పిలుచుకోండి."

ఆవరణలో సామాన్లెత్తే కూలీలు అయిదుగురున్నారు. వాళ్లు యజమానివైపు చూశారు, మరవైపు చూశారు. ఎవరూ ముందుకు రాలేదు. ఒకడు మాత్రం, "నా నడుం నొప్పి బాబాయ్‌గారూ," అన్నాడు. గుమాస్తా భర్త మీద బీరువా పడ్డనాడు చెక్క రెండో కొస పట్టుకున్నవాడు అతనే.

మరాయన గుమ్మంలో నిలబడి భార్యను చూస్తున్నాడు. దిగమనాలో, తానూ ఎక్కాలో తేల్చుకోలేకపోతున్నాడు.

అప్పుడే ఫోను మోగింది. గోడ గడియారంలో నాలుగుకు పది నిమిషాలు.

యజమాని గుమాస్తా దగ్గరికొచ్చి మెత్తగా అన్నాడు. "ఎత్తు. అట్ట చదువు. చదివేసి ఆ చీటీ చింపు. జరిగింది నేను మర్చిపోతాను. మీ ఆయన్ని చూసి మర్చిపోతాను. ఆ కుర్చీ ఎందుకిచ్చానో నీకు గుర్తుండాలి గదా."

"గుర్తుంది," అంది. "ఆయన నడుం విరిగిందనిచ్చారు."

ఫోనెత్తింది. అటువైపు లారీల రొద, పిల్ల ఏడుపు, వాటి మధ్య వడ్రంగి గొంతు. "అమ్మా, నాలుగు కాకముందే ఇంకోసారి అడుగుదామని..."

అట్టముక్క ఆమె ముందే ఉంది. దాన్ని బోర్లా తిప్పింది.

"అన్నా, రాసుకో. నువ్వు తీసుకెళ్లిన బండి సామానుతో లీటరుకు ఏడే ఇస్తుంది. నీకు ఎనభయ్యారు లీటర్లు కావాలి. యాభై అని రాసింది నేను. తెలిసే రాశాను. ఆ చీటీ పారెయ్యకు, దాని మీద నా సంతకం ఉంది. డిపాజిట్టు కోసం ఎక్కడ నిలబడి అడిగినా, నేనొచ్చి ఇదే చెబుతాను."

యజమాని చెయ్యి ఫోను తీగ మీద పడింది, గోడలోంచి ఎక్కడొస్తుందో వెతుకుతోంది. గుమాస్తా తీగను తన మోచేతి కింద అదిమిపెట్టుకుంది. ఇవాళ ఇంటికెళ్లి మంచంలో మనిషికి ఏం చెప్పాలో ఆమెకు తెలియదు.

అవతల ఏదో వెతుకుతున్న చప్పుడు, పిల్ల ఏడుపు వినిపించాయి.

"మళ్లీ చెప్పమ్మా," అన్నాడు వడ్రంగి. "కాస్త నిదానంగా. పెన్ను ఇప్పుడే దొరికింది."

ఆమె మొదటినుంచీ మొదలుపెట్టింది.