ట్యాంకు డ్రైవరు ఆపిన బస్సు

మ్బేయా నుంచి దార్ ఎస్ సలామ్‌కు బస్సు తోలే అంబకిస్యెను స్టాండులో అందరూ ట్యాంకు అనేవారు. ఎనిమిది వందల కిలోమీటర్లకు పైన దారి. ఉదయం ఆరింటికి ఎక్కితే ఇరింగాలో భోజనానికి తప్ప సీటు దిగడు. అక్కడ కూడా రెండు సోడాలు తాగి మళ్లీ ఎక్కేవాడు. మరుగుదొడ్డి వైపు చూసేవాడు కాదు.

ఆ దారిలో ఒంటికి వెళ్లాలని ఎవరూ నోటితో అడగరు. ‘మందు తవ్వుకోవాలి’ అంటారు. బస్సు ఆగుతుంది. మగవాళ్లు రోడ్డుకు ఒక పక్క పొదల్లోకి, ఆడవాళ్లు ఇంకో పక్క పొదల్లోకి పోతారు. అంబకిస్యె బస్సులో ఆ మందు దొరకదు.

జులైలో ఒకరోజు, మికుమి దాటాక, బిబి లుగానో లేచి నిలబడింది. డెబ్భై ఏళ్లావిడ; అవ్వని అక్కడ బిబి అంటారు. నెలకోసారి కూతురింటికి అరటి గెల తీసుకుపోతుంది.

"బాబూ, మందు తవ్వుకోవాలి. ఒక్క నిమిషం ఆపు."

"మొరొగొరోలో తవ్వుకుందువులే బిబి."

"అందాకా నిలవదు నాయనా."

"మా అమ్మ నాకు ఆపుకోవడం నేర్పింది. మీ అమ్మ నేర్పలేదా?"

బస్సంతా నవ్వింది. మొరొగొరోలో ఆవిడ దిగాక కండక్టర్ జుబేరి ఆ సీటు మీద రెండు బకెట్ల నీళ్లు పోశాడు.

ఇలాంటి ప్రతిభ యజమాని కంట పడకుండా ఉండదు. ఆయన కొత్త బస్సు కొన్నాడు. భోజనానికి కూడా ఆగకుండా పోయే బస్సు. అద్దం మీద ‘ఎక్కడా ఆగదు’ అని రాయించాడు. దాని డ్రైవరు సీటు ట్యాంకుదే అన్నాడు. ఇరవై రెండేళ్లు పాత బస్సులు తోలిన అంబకిస్యె అలాంటి సీటు కోసమే బతికాడు. కావలసింది ఒక్క డాక్టరు కాగితం.

డాక్టర్ ఫెలిస్టా అతన్ని ఒంటికి పోయి రమ్మంది. అరగ్లాసు వచ్చింది. పరీక్షిస్తే అందులో చక్కెర కనబడింది. తర్వాత పొత్తికడుపు మీద యంత్రం పెట్టి చూసింది. లోపల ఇంకా ఎనిమిది వందల మిల్లీలీటర్ల మూత్రం ఉంది.

"చక్కెర జబ్బు ఎప్పట్నుంచి?"

"పదకొండేళ్ల కిందట ఉండేది డాక్టరమ్మా. తగ్గిపోయింది. అప్పట్లో గంటకోసారి దిగేవాణ్ణి. స్టాండులో కుళాయి అని ఏడిపించేవాళ్లు. పట్టుదలగా ఆపుకున్నా. అదే దారికొచ్చింది. మాత్రలు కూడా మానేశా."

"మీరు మాత్రలు మానేశారు. మీ మూత్రసంచి పని మానేసింది. దాన్నే మీరు పట్టుదల అంటున్నారు."

అంబకిస్యె నవ్వబోయి ఆగాడు.

"మీ బస్సు కదలాలంటే కండక్టర్ ఏం చేస్తాడు?" అని ఆమె అడిగింది.

"రేకు మీద రెండు దెబ్బలు కొడతాడు."

"మూత్రసంచి గోడ కండరం. అది బిగిస్తేనే మూత్రం బయటికి పోతుంది. నరం కబురు పంపగానే కండరం కణాల్లో కాల్షియం ఒక్కసారిగా పెరుగుతుంది. అదే రేకు మీద దెబ్బ. కండరం బిగుస్తుంది. కాల్షియం తగ్గగానే వదులవుతుంది. చక్కెర ఎక్కువైతే మొదట్లో ఈ కండక్టర్‌కి పిచ్చెక్కుతుంది. అవసరం లేకపోయినా కొడుతుంటాడు. అది మీ కుళాయి కాలం. ఏళ్లు గడిచేకొద్దీ దెబ్బలో బలం పోతుంది. నిండిందని చెప్పే నరం కూడా మొద్దుబారుతుంది. ఇది మీ ట్యాంకు కాలం."

"అంటే నాకు ఆపుకునే శక్తి..."

"అది శక్తి కాదు. వదిలే శక్తి పోయింది. ఇలాగే నిలవుంటే మూత్రపిండాలు పోతాయి."

మాత్రలు రాసింది. అనిపించినా అనిపించకపోయినా మూడు గంటలకోసారి దిగాలంది. ఒకసారి పోసి, వంద లెక్కపెట్టి, మళ్లీ పోయాలంది. నెలకి తగ్గకపోతే గొట్టం వేసుకోవడం నేర్పుతానంది. కాగితం మీద కూడా అదే రాసింది: బండి తోలవచ్చు, మూడు గంటలకోసారి ఆపాలి.

అంబకిస్యె ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచాడు. వచ్చే వారం ఇస్తానని యజమానితో చెప్పాడు. యజమాని సరేనన్నాడు. ట్యాంకుకు కాగితమెందుకు?

కొత్త బస్సు ఆరింటికి బయలుదేరింది. రెండో వరసలో బిబి లుగానో కూర్చుంది. ఈసారి గెలతో పాటు మూత ఉన్న బకెట్ తెచ్చుకుంది.

"అదెందుకు బిబి?" అన్నాడు జుబేరి.

"మా అమ్మ నేర్పని దానికి."

తొమ్మిదింటికి అంబకిస్యె ఫోనులో పెట్టుకున్న అలారం మోగింది. నొక్కేశాడు. ఇరింగాలో భోజనాల బస్సులన్నీ ఆగి ఉన్నాయి. హారన్ కొట్టి దాటేశాడు. పన్నెండింటికి ఫోను మళ్లీ మోగింది. ఆరు గంటలైంది. మూడు సోడాలు తాగాడు. పొత్తికడుపు మీద చెయ్యి పెట్టి చూసుకున్నాడు. గట్టిగా, ఎత్తుగా తగిలింది. లోపల మాత్రం ఏమీ తెలియలేదు. నొప్పి ఉంటే ఓర్చుకునేవాడు. ఏమీ లేకపోవడాన్ని ఓర్చుకోవడం అతనికి రాలేదు.

బస్సు పక్కకు తీసి ఆపాడు.

"టైరా అన్నా?" అన్నాడు జుబేరి.

"కాదు. మందు తవ్వుకోవాలి."

జుబేరి అతని మొహం చూశాడు, అద్దం మీద రాత చూశాడు. అంబకిస్యె జేబులోంచి కాగితం తీసి అతని చేతిలో పెట్టాడు.

"సాయంత్రం దార్‌లో యజమానికియ్యి. ఈ సీటులో ఎవర్ని కూర్చోబెట్టుకుంటాడో ఆయనిష్టం."

బస్సు బస్సంతా దిగింది. బిబి బకెట్ సీటు మీదే వదిలి దిగింది. ఏడు నిమిషాల్లో అందరూ ఎక్కారు, డ్రైవరు తప్ప. జుబేరి రేకు మీద రెండు దెబ్బలు కొట్టాడు. పొద కదల్లేదు. మళ్లీ కొట్టాడు.

"ఎండ మండిపోతోంది, రావయ్యా!" అని వెనక సీట్లవాళ్లు కేకలేశారు.

బిబి కిటికీలోంచి తల బయట పెట్టింది.

"ఏం నాయనా! మీ అమ్మ ఆపుకోవడం నేర్పింది సరే, వదలడం నేర్పలేదా?"

బస్సంతా నవ్వింది. పొద వెనక నుంచి జవాబొచ్చింది.

"ఎనభై ఆరు, బిబి. ఇంకో పద్నాలుగు ఆగు."

జుబేరి మూడోసారి కొట్టబోయి చెయ్యి దించాడు.