మీగడ తిన్న ఫార్వర్డ్

పెరుగు గిన్నె మూత తీయగానే సత్యనారాయణ ముఖం ముడుచుకుంది. పైన మీగడ లేదు. అంచు వెంట గరిటె తిరిగిన గీత మాత్రం ఉంది.

"మల్ల తీసినవా?"

"ఏది?" అంది కళావతి, అప్పడం తిప్పుతూ.

"ఏది అంటవేందే? మీగడ. ఇంట్ల పిల్లి తాగినా నాకు చెప్పి తాగాలె."

"పిల్లి కాదు, మీ తమ్ముడు."

"గదే అంటాన. పిల్లైతే ఎలుకలనన్న పడ్తది."

వాకిట్లో మినుములు చెరుగుతున్న అత్తగారు మొగిలమ్మ చేట ఆపింది. "మీగడకు పంచాయతేందిరా? చిన్నప్పుడు నీకు పెట్టలేదా?"

"పెట్టినవమ్మా. నేను దుకాణంల గద్దె మీద కూసునేటోన్ని. నాకు పొట్ట పెరిగినా గల్లాపెట్టె అందుతది."

ఆ మాటను కళావతి ఈర్ష్య కింద జమ వేసింది. విని ఊరుకున్నా సరిపోయేది. కానీ ఆమె బి.ఏ. అర్థశాస్త్రం చదివిన మనిషి. ఇంట్లో ఎవరేం అన్నా అసలు కారణం ఏమిటో వెంటనే తేల్చేయడం ఆమెకు అలవాటు.

మరిది సారంగపాణిని ఇంట్లో అందరూ పాణి అంటారు. హాకీలో ఫార్వర్డ్ ఆడతాడు. పోయిన ఏడు జిల్లా పోటీల్లో గోల్ మీద గోల్ కొట్టి రాష్ట్ర జూనియర్ జట్టులోకి ఎక్కాడు. డోర్నకల్ రైల్వే జట్టుకు ఆటగాళ్ళను వెతికే రాజేశ్వర్ రావు అనే పెద్దమనిషి పాణి పేరు రాసుకుని, "వచ్చే ఏడు చూస్తాం" అని వెళ్ళాడు. చూస్తాం అంటే తీసుకుంటాం అని కళావతి అర్థం చేసుకుంది. ఏడాది గడిచింది. పిలుపు రాలేదు.

ఎనుమాముల మార్కెట్లో మిర్చి అడ్తి దుకాణం నడిపే సత్యనారాయణ లెక్క వేరు. "గోదాముల ఏడాది పడున్న మిర్చి రంగు దిగుతది. పేరున్నప్పుడే దుకాణంల కూసోబెట్టాలె" అంటాడు. ఇంకొక్క ఏడు ఆడనివ్వమని భర్తను ఒప్పించింది కళావతే. వంకాయ ముచ్చిక చూసి లోపల పురుగుందో లేదో చెప్పగలదు. చింతపండు పిడికిట పట్టి పాతదో కొత్తదో చెప్పగలదు. వాడకట్టు ఆడవాళ్ళు చీర కొనాలన్నా ఆమెనే వెంటబెట్టుకుని పోతారు. అలాంటి మనిషికి ఒక ఆటగాణ్ణి ఎంచడం ఏపాటి? ఎంచింది సరే, ఊరుకోలేదు. పొద్దున నానబెట్టిన బాదంపప్పు, మధ్యాహ్నం నెయ్యి, రాత్రి మీగడ. సరుకు బాగుంటే పెట్టుబడి పెట్టాలి కదా.

"ఆదివారం ఆటకు ఆ రైల్వే ఆయన వస్తాండట" అన్నాడు సత్యనారాయణ, మీగడ లేని పెరుగు కలుపుకుంటూ. "ఆట సంగతి నాకు తెల్వది. నువ్వే పొయ్యి చూసిరా. రాత్రి అన్నం కాడ నువ్వేం చెప్తె గదే ఖాయం. రైల్వేకు పనికొస్తడంటె ఆడుకోనీ. లేదంటె దసరాకు గద్దె."

"నా మాట మీదనా?"

"నువ్వు తప్పు తూకం చెప్పవు. బజార్ల అందరికి ఎరుకే."

కళావతి ఆ రాత్రంతా నిటారుగా నడిచింది.

ఆదివారం సంచి భుజానికి వేసుకుని బయల్దేరుతూ పాణి వంటింటి గడప దగ్గర ఆగాడు. "వదినా, అన్న కాడ జర మంచిగ చెప్పు. ఆ దుకాణంల అడుగు పెడ్తెనే తుమ్ములు. జిందగీ మొత్తం తుమ్ముకుంట కూసోవాల్నా?"

"నేను ఉన్నది ఉన్నట్టు చెప్త. ఉన్నదే మంచిగున్నది, ఫికర్ చెయ్యకు. పాలు తాగినవా?"

"ఆట ముందట వద్దు వదినా."

ఆమె ముఖం చూసి తాగాడు.

కాలేజీ మైదానానికి కళావతి చాలాసార్లే వెళ్ళింది. కానీ ఐదున్నరకు నల్లా వస్తుంది కనుక ఎప్పుడూ సగం ఆట కాగానే లేచి ఇంటికి పరుగెత్తేది. మిగతా సగం కూడా మొదటి సగంలాగే ఉంటుందని అనుకోవడానికి ఆమెకు ఏ ఇబ్బందీ కలగలేదు. ఈసారి మాత్రం నీళ్ళు పట్టమని పక్కింటి సమ్మమ్మకు బిందెలు అప్పజెప్పి వచ్చింది. తీర్పు చెప్పేవాళ్ళు మధ్యలో లేచిపోతే బాగుండదు.

మొదటి సగంలో పాణి కుడి అంచున బంతి అందుకుని, ఒకణ్ణి తప్పించి గోల్ కొట్టాడు. కళావతి చప్పట్లు కొట్టలేదు. తనకు ముందే తెలిసినట్టు తల మాత్రం ఊపింది.

రెండో సగం మొదలైన కాసేపటికే పాణికి ఏదో అయింది. బంతి ముందు పోతోంది, వాడు వెనక పోతున్నాడు. ఎండుపుల్లలాంటి అవతలి కుర్రాడు పక్కనుంచి దూసుకుపోతుంటే నిలబడి చూస్తున్నాడు. "పాణీ, ఉరుకు!" అని జట్టువాళ్ళు అరిస్తే, బస్సు ఆపమని ముసలాయన చెయ్యెత్తినట్టు చెయ్యెత్తాడు. చివరికి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగిపోయాడు.

వంగినప్పుడు నడుము దగ్గర తెల్ల నిక్కరు మీద నీలం దారం కుట్టు కనిపించింది. అది కళావతి కుట్టే. తెల్ల దారం అయిపోతే నీలం దారంతో వేసింది. ఈ ఏడులో ఆ నడుము పట్టీ విప్పి వదులు చేయడం అది మొదటిసారి కూడా కాదు. విప్పిన ప్రతిసారీ, "బలం పడుతోంది" అని మురిసింది. వంకాయలో పురుగును పట్టే కళ్ళకు, తన చేతిలో సూది ఏం చెబుతోందో కనపడలేదు.

ఆట అయ్యాక ధైర్యం చేసి రాజేశ్వర్ రావు దగ్గరికి వెళ్ళింది. "నేను పాణి వాళ్ళ వదిననండి. పిల్లగాడు ఎట్లున్నడు?"

ఆయన నమస్కారం పెట్టాడు. "చేతులు పోయినేటి కంటె మంచిగైనయమ్మా. బంతి కట్టెకు అతుక్కుంటాంది. కాళ్ళే పోయినయ్. ఇంట్ల ఏం పెడ్తాండ్రు?"

"మామూలు తిండేనండి" అంది కళావతి. బాదంపప్పు, నెయ్యి, మీగడ వరసగా కళ్ళముందు కదిలాయి.

"జనవరిల మల్ల చూస్తం. ఆట మొత్తం ఉరికితె తీసుకుంటం. గిట్లనే ఉంటె మాత్రం ఆశ పెట్టుకోకుండ్రి."

ఇంటికి నడుస్తుంటే కళావతికి కాలేజీ పాఠం గుర్తుకొచ్చింది. పెట్టుబడి ఒక హద్దు దాటి పెడితే ఫలితం తగ్గుతుంది. ఆ ప్రశ్నకు తరగతిలో అందరికన్నా ఎక్కువ మార్కులు ఆమెకే వచ్చాయి. ఉదాహరణకు పొలం, ఎరువు రాసింది. మరిది, మీగడ అని పుస్తకంలో ఎక్కడా లేదు.

గోల్ కొట్టాడని చెప్పి ఊరుకోవచ్చు. అది అబద్ధం కాదు. కానీ అలా చెబితే, తన మాటే ఖాయం అన్న మనిషికి పైన మంచి కాయలు పరిచిన బస్తా అంటగట్టినట్టే.

రాత్రి అందరూ పీటల మీద కూర్చున్నారు. పాణి అన్నం కెలుకుతున్నాడు.

"చెప్పు" అన్నాడు సత్యనారాయణ.

"ఇయ్యాలటికైతే పనికిరాడు."

పాణి చెయ్యి ఆగిపోయింది. "వదినా!"

"ఆగు. మొదటి సగం గుర్రం, రెండో సగం గున్న ఏనుగు. చేతులు మంచిగైనయని రైల్వే ఆయనే చెప్పిండు. కాళ్ళు చెడిపోయినయ్. చెడగొట్టింది నేను. ఏడాది సంది మేపిన."

సత్యనారాయణ తమ్ముడి వైపు తిరిగాడు. "నువ్వన్న వద్దనకపోతివారా?"

"ఒకపారి అన్న. వదిన పొద్దుమీకిందాక మాట్లాడలే" అన్నాడు పాణి.

"తినబెట్టేటోళ్ళు దొరికిందే ఎక్కువ" అని మొగిలమ్మ గొణిగింది.

సత్యనారాయణ భార్య వైపు చూశాడు. ఎగతాళి చేస్తాడని ఆమె సిద్ధపడింది. న్యాయంగా చూస్తే చేయాల్సిందే.

"తూకం పెరగాలని మిర్చి మీద నీళ్ళు చల్లుతరు కొందరు" అన్నాడు. "తూకం పెరుగుతది, ధర పడ్తది. అట్లాంటి బస్తా వస్తె మేమేం చేస్తం?"

"పారబోస్తరా?" అన్నాడు పాణి, సన్నగా.

"కాయ మంచిదైతె ఎందుకు పారబోస్తంరా? ఎండబెడ్తం." పెరుగు గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. మీగడ మందంగా, ఎవరూ ముట్టుకోకుండా ఉంది. "ఇనుండ్రి. జనవరి దాక గద్దె లేదు. పొద్దుగాల ఎనుమాముల దాక ఉరికి పోవుడు, దుకాణం తాళం తీసుడు, మల్ల ఉరికి వచ్చుడు. తుమ్ములొస్తె తొవ్వల తుమ్ముకో. జనవరిల మీ వదిన రెండో సగమే చూసి చెప్తది."

కళావతి గరిటెతో మీగడ తీసి భర్త కంచం వైపు చాపింది. అతను కంచం పక్కకు జరిపి, తన పొట్ట కేసి ఒకసారి చూసుకున్నాడు.

"నాకొద్దు. రేపటి సంది మీగడ మా అమ్మకు."

"నాకా?" అంది మొగిలమ్మ. "నేనే జట్టుల ఆడాల్నురా?"