నీరు ఒరిగే వైపు

పాఠాలు చెప్పే బడికి బయల్దేరే ముందు సంతోషకుమారి గోడకు వీపు ఆనించి నిలబడేది. భర్త జయరావు ఆమె పొట్టకు బెల్టు బిగించేవాడు. రొమ్ము కింది నుంచి తొడల పైదాకా వచ్చే సాగుడు బెల్టు అది. ఊడదీస్తే పాత గుడ్డ చింపినట్టు చర్రుమనేది.

"ఇవాళ ఎటుంది?" అనేవాడు తలెత్తకుండా.

"రోజూ ఎటుంటుందో అటే."

"సరే, ఊపిరి బిగబట్టు."

గుంటూరులో ఆమెకు పొట్ట తగ్గించే ఆపరేషన్ జరిగింది దసరా సెలవుల్లో. సాగి వేలాడుతున్న చర్మం కోసేసి, విడిపోయిన కండరాలు దగ్గరికి లాగి కుట్టారు. లోపలి నీరు పోవడానికి పెట్టిన పైపులు తీసేశాక కుట్టు కింద, చర్మానికీ కండకీ నడుమ నీరు చేరడం మొదలైంది. కొందరికి అలా చేరుతుందని, బెల్టు వదలొద్దని, బరువులెత్తొద్దని చెప్పి డాక్టర్ శ్యామ్ సుందర్ సూదితో లాగేసేవారు. పలచటి టీ రంగులో వచ్చేది. తీసిన వారానికే మళ్లీ నిండేది.

పడుచుదనం తిరిగి తెచ్చుకోవాలనో, ఫొటోల్లో బాగుండాలనో ఆమె ఆ ఆపరేషన్‌కు పోలేదు. ఇద్దరు కొడుకుల తర్వాత పుట్టిన ఆడపిల్ల ఊపిరి లేకుండానే పుట్టింది. వాళ్ల పక్క పల్లెల్లో బాలింత పొట్ట లోపలికి పోవాలని పాత చీర మెత్తగా మడిచి గట్టిగా చుడతారు. కొడుకులప్పుడు అత్తగారే చుట్టింది. ఆ మూడోసారి చీర మడిచి చేతిలో పట్టుకుని కాసేపు నిలబడి, "బిడ్డే లేనప్పుడు కట్టెందుకులే" అని పెట్టెలో పెట్టేసింది. పొట్ట అలాగే ఉండిపోయింది.

ప్రత్తిపాడు బస్సులో సీటు దొరకడమంటే మాటలు కాదు. సంతోషకుమారికి మాత్రం ఏళ్ల తరబడి దొరికింది. ఎవరో ఒకామె లేచి, "కూర్చోమ్మా, ఎన్నో నెల?" అనేది. కాదని చెప్పి చెప్పి విసిగి, ఒక్కోసారి "ఏడో నెల" అనేసేది. అన్నాక పొట్ట మీది చెయ్యి తియ్యబుద్ధయ్యేది కాదు. కొడుకులు ఉద్యోగాలకు వెళ్లాక ఆ పొట్టను వదిలించుకోవాలనుకుంది. వదిలించుకుంది కూడా. ఈ నీరే వదల్లేదు.

ఆ నీరు ఉన్నచోట ఉండేది కాదు, ఒక పక్కకు ఒరిగేది. గుంటూరు ఆసుపత్రిలో పడుకోబెడితే దక్షిణానికి, ఊరి వైపుకి జారిపోయేది. నర్సు కోటేశ్వరికి అది అలవాటైపోయింది. "మేడమ్‌ది ప్రత్తిపాడు వైపు కదా, మంచం ఇటు తిప్పండయ్యా" అని వార్డు బాయ్‌లతో మంచం తిప్పించి, నీరు సూది కిందకి చేరాకే పని మొదలుపెట్టేది. సింగరాయకొండలో చెల్లెలి కూతురి పెళ్లికి వెళ్తే ఉత్తరానికి ఒరిగింది. చెల్లెలు చూసి, "ఊరి మీద బెంగ పెట్టుకుందే నీ నీరు!" అని నవ్వింది. ఊళ్లో ఉంటే మాత్రం బడిలో పడమటికి, చర్చిలో తూర్పుకి. వెనక బెంచీ ఆడవాళ్లు ఆమె పైట ఆ పక్క ఎత్తుగా ఉండడం చూసి, జరిగి చోటిచ్చేవారు.

ఎటు లాగుతోందో ఆమెకు తెలియదనుకోవడం పొరపాటు. చచ్చి పుట్టిన బిడ్డను ఎక్కడ పూడ్చారో తల్లికి చెప్పకూడదని ఆ ఊళ్లో పట్టింపు. చెబితే తల్లి లేచి అక్కడికే పోతుందంటారు. జయరావు చేత అత్తగారు బైబిలు మీద చెయ్యి వేయించి మాట తీసుకుంది. ఆవిడ కన్నుమూసినా అతని చెయ్యి బైబిలు మీదే ఉండిపోయింది. సంతోషకుమారి ఏడుస్తూ అడిగింది, తిట్టి అడిగింది, చివరికి అడగడం మానేసింది.

మార్చిలో డాక్టర్ పరీక్ష చేసి, లోపల నీటి చుట్టూ సంచిలాగా గట్టి పొర కట్టిందన్నారు.

"ఇక సూదితో పోదమ్మా. మళ్లీ కోసి ఆ సంచి తీసేయాలి. వచ్చేవారం చేద్దాం."

మళ్లీ మత్తు, మళ్లీ పైపులు అనుకుంది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, బెల్టు విప్పించుకోవడానికి గోడ దగ్గర నిలబడలేదు. చెప్పులేసుకుంది.

"ఎక్కడికి?" అన్నాడు జయరావు.

"ఇది ఎటు తీసుకెళ్తే అటు. కోసి పారేశాక నన్ను తీసుకెళ్లేది ఎవరు?"

అతను గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడు.

చర్చి దాటి, పత్తి కట్టె పీకేసిన చేలగట్ల మీదుగా నడిచింది. నీరు కుడికి బరువైతే కుడికి తిరిగింది, ముందుకు తూగితే ముందుకు నడిచింది. చివరికి మిరప రైతు బుల్లయ్య కల్లం దగ్గర ఆగింది. కోసిన మిరపకాయలు చేలోనే ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. బస్తాలకెత్తే ముందు కాయ చిట్లకుండా బుల్లయ్య పైపుతో నీళ్లు చల్లుతున్నాడు. అంత ఎరుపులో నడిమధ్యన, ఊయల గుడ్డంత మేర నల్లమట్టి ఖాళీగా ఉంది. ఒక్క కాయ కూడా లేదు.

"టీచరమ్మా, కాయల మీద కాలెయ్యకు! అంచునే రా," అని కేకేశాడు బుల్లయ్య. ఎందుకొచ్చావని మాత్రం అడగలేదు.

"ఇక్కడ కాయలు ఎందుకు పొయ్యలేదు?"

"అక్కడ పొయ్యను. ట్రాక్టరు వాణ్నీ తిప్పనివ్వను. ఏటా తిట్టుకుంటాడు వెధవ." పైపు కింద పడేశాడు. "ఆ ఏడు వానలకి మీ సమాధుల దొడ్డి మునిగిపోయింది. మీ ఆయన బిడ్డను గుడ్డలో చుట్టుకుని గట్టు మీద నిలబడ్డాడు, ఎటు పోవాలో తెలీక. మా చేను మెరక. పార నేనే తెచ్చా."

"ఇన్నేళ్లూ నాకు చెప్పలేదేం బుల్లయ్యా?"

"నన్నడిగావా నువ్వు? మీ ఆయన్నేగా అడిగావు."

ఆమె ఆ ఖాళీలో కూర్చుంది. ఇన్ని నెలల్లో మొదటిసారి నీరు ఏ పక్కకీ పోలేదు. నిండు కుండ దించుకున్నట్టు నిటారుగా కిందికి దిగింది. ఘాటుకు కళ్లు మండుతుంటే, బడిలో పిల్లల్ని పిలిచినట్టు పేరు పెట్టి పిలవాలనిపించింది. పేరు లేదు. అలాగే కూర్చుంది.

లేచేసరికి బెల్టు వదులై నడుము మీద జారింది. చీర పొడిగానే ఉంది. కింద మట్టి మాత్రం చేత్తో పిండేంత తడిసింది. బుల్లయ్య చూశాడు. తను అటు నీళ్లు చల్లలేదు. పైపు అందుకుని అవతలి కాయల వైపు తిరిగాడు.

జయరావు ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు. ఆమె చేతిలో బెల్టు చూశాడు.

"చూశావా?"

"చూశాను."

"నేను ఏటా కోతల ముందు వెళ్లొస్తాను. ఒట్టు ఉంది కదా అని..."

ఆమె బెల్టు చుట్టి అతని చేతిలో పెట్టింది. "దీన్ని మీరే దాచండి. దాచడం మీకు అలవాటేగా."

ఆ తర్వాత చాలాకాలం ఆ ఇంట్లో మాటలు అవసరం మేరకే నడిచాయి. కానీ మరుసటి ఏడు కోతల ముందు చేలగట్ల మీద ఇద్దరూ నడిచారు.

కల్లానికి వెళ్లిన వారానికే, ఆపరేషన్ రోజు డాక్టర్ పరీక్ష చేయిస్తే నీరూ లేదు, సంచీ లేదు. ఆయన రెండుసార్లు చూసి, "ఇంటికెళ్లండమ్మా. మచ్చ గట్టిపడకుండా రోజూ నూనె రాసి వేలితో మర్దన చేసుకోండి" అన్నారు.

చేసుకుంది. వేసవి గడిచేసరికి ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా ఉన్న మచ్చంతా మెత్తబడింది. చూపించుకోవడానికి గుంటూరు వెళ్తే, కోటేశ్వరి వేలితో తడుముతూ వచ్చి ఒకచోట ఆగింది.

"మేడమ్, ఈ బొటనవేలంత చోటే లోపలికి అతుక్కుపోయి రాయిలా ఉంది. ఇక్కడ నొక్కడం లేదా?"

"లేదమ్మా," అంది సంతోషకుమారి. "అక్కడ మేం ట్రాక్టరు తిప్పం."

కోటేశ్వరి తలూపి, ఆ చోటు వదిలేసి చుట్టూ నూనె రాసింది.