గరుకాకు

ఆ పెరట్లో కాసేది మామూలు ఎండ కాదు. పొద్దున గోడెక్కిన సూర్యుడు సాయంత్రం దాకా దిగడు. గులాబీ పెడితే మాడింది. మల్లెతీగ పెడితే అదీ ఎండి ఊరుకుంది. చివరికి వీధంతా టైలరమ్మ అని పిలిచే ఆ ఇంటి కోడలికి పంతం వచ్చి, ఎండకు వాడని ఎర్ర జినియా పూల గింజలు పట్టుకొచ్చింది.

పూల పిచ్చితో కాదు, అత్తగారి కోసం. హాస్టలు వంటింట్లో ఏళ్ళ తరబడి వండి వార్చిన ఆ అత్తగారికి చూపు మందగించింది. ఇక ఇంతేనన్నాడు డాక్టరు. ముదురు రంగులు మాత్రం మసకమసగ్గా తెలుస్తాయి. అప్పట్నుంచీ ఆవిణ్ణి పువ్వుల్లో పెట్టి చూసుకుంటున్నారు. కత్తి ముట్టుకోనివ్వరు, పొయ్యి దగ్గరికి రానివ్వరు. లారీ నడిపే కొడుకు ఇంటికొచ్చిన ప్రతిసారీ "నువ్వు కూర్చో అమ్మా" అంటాడు. కోడలిదీ అదే పాట. ఆవిడ కూర్చుంది. కూర్చుని కూర్చుని మాటలు తగ్గించేసింది, పిలిస్తేగానీ అన్నానికి లేవడం మానేసింది. ఈ మనిషి మనకు దక్కుతుందా అని కోడలికి బెంగ పట్టుకుంది. పెరటి మెట్టు మీద కూర్చుంటే ఎదురుగా ఎర్రగా పూలు కనిపించాలి, ఆవిడ మళ్ళీ నోరు విప్పాలి. అదీ ఆశ.

మట్టి గుల్ల చేసింది, ఎరువు కలిపింది. రోజంతా గీత మీద కుట్టే మనిషి కదా, ఇక్కడ కూడా గీతలేమిటనుకుందేమో, గింజలు ఎడాపెడా చల్లేసి పైన పల్చగా మట్టి కప్పింది. వారం తిరక్కుండా మొలకలొచ్చాయి. వాటితోపాటు కలుపూ వచ్చింది.

మరో రెండు వారాలకు, ఒక మధ్యాహ్నం స్కూలు యూనిఫారాలు ఇచ్చేసి ఇల్లు చేరేసరికి అత్తగారు పెరట్లో ఉంది. మోచేతుల దాకా మట్టి, మొహం నిండా వెలుగు.

"అమ్మాయ్, ఇలా రా! కలుపంతా ఏరి పారేశాను."

గంపలో జినియా మొక్కలన్నీ వాడిపోయి ఉన్నాయి. మడిలో పిచ్చిమొక్కలు హాయిగా నిలబడి ఉన్నాయి.

"ఎలా... ఎలా పోల్చుకున్నారు అత్తయ్యా?"

"అదేం బ్రహ్మవిద్యా? గరుగ్గా తగిలిందల్లా పీకాను, మెత్తగా ఉన్నది వదిలాను. పప్పులో రాళ్ళేరిన చేతులే ఇవి!"

జినియా ఆకు ఉప్పుకాగితంలా ఉంటుందని పాపం ఆవిడకేం తెలుసు! "మంచి పని చేశారు అత్తయ్యా" అనేసింది కోడలు. పైగా ఆ పూట ఆవిడ తనంతట తనే వచ్చి, అడిగి మరీ అన్నం పెట్టించుకుంది. ఇంటికొచ్చిన కొడుకు మడి చూసి ఏదో అనబోతే, కోడలు తొడపాశం పెట్టి ఆపింది.

"మీకు దణ్ణం పెడతాను, ఊరుకోండి. ఇప్పుడిప్పుడే లేచి తిరుగుతోంది."

"మరి నీళ్ళెవరికి పోస్తావు, గడ్డికా?"

గడ్డికే పోసింది. అత్తగారు రోజూ వచ్చి తడిమి చూసి, ఎంత ఏపుగా ఎదిగాయో అని మురిసిపోయేది. పూత ఎప్పుడంటే, "వచ్చేస్తుంది అత్తయ్యా" అనేది కోడలు. ఒక అబద్ధమాడాక ఇక ఆపడం ఎవరి తరం?

నెల దాటింది. ఒకరోజు అత్తగారు మెట్టు మీద కూర్చుని లేవనే లేదు. కళ్ళు నులుముకుంటుంది, చూస్తుంది, మళ్ళీ నులుముకుంటుంది.

"ఏమైంది అత్తయ్యా?"

"నా కళ్ళు పూర్తిగా పోయాయమ్మా. పూలు పూసే ఉంటాయి. నాకే ఎర్రగా ఏమీ ఆనడం లేదు. నువ్వేమో బాధపడతానని చెప్పడం లేదు."

ఇక కోడలి వల్ల కాలేదు. "మీ కళ్ళకేం కాలేదు! అక్కడ పూలుంటే కదా కనిపించడానికి! పూలమొక్కలన్నీ మీరే పీకేశారు. ఒక్క మాట అడగొచ్చుగా? ఆ గరుకాకే జినియా! అంత తొందరేమొచ్చింది మీకు? నా కష్టమంతా గంపలో పోశారు!"

అనేసి నాలుక కరుచుకుంది.

"మరి వరసల్లో వేసి చావొచ్చుగా!" అని గయ్‌మంది అత్తగారు ఉన్నట్టుండి. "టైలరువేనా నువ్వు? ఎడాపెడా చల్లేస్తే ఏది మొక్కో ఏది కలుపో నేనేం కలగంటానా? పైగా నెల్రోజులు నా ఎదురుగా గడ్డికి నీళ్ళు పోస్తావా, బుద్ధుందా?"

"లేదు! బుద్ధుంటే మీ కోసం ఇంత పాకులాడతానా?"

అత్తగారు నవ్వింది. నవ్వుతూనే కళ్ళ నీళ్ళు పెట్టుకుంది.

"తిట్టవే, ఇంకా తిట్టు. చూపు పోయిన దగ్గర్నుంచీ ఈ ఇంట్లో నన్నెవరూ ఒక్క మాట అనలేదు. పోయినదాని ఫోటో ముందు మాట్లాడినట్టు మాట్లాడారు నాతో."

ఎంత పని చేశాం అనుకుంది కోడలు. పక్కన కూలబడి ఆవిడ చేతులు పట్టుకుంది.

"గింజలు మిగిలాయా?" అంది అత్తగారు.

"సగం ఉన్నాయి."

"పట్రా. ఈసారి వరసలు నేను వేస్తాను."

కోడలు ముక్కు చీదుకుంది. "ముందు ఆ గడ్డి పీకండి, కబుర్లు తర్వాత" అని కసిరింది.

"అలాగేలేవే" అని అత్తగారు మడిలోకి దిగింది.