పన్నెండడుగుల ఇల్లు

"మామయ్యగారూ, ఇంటి మీద మేడ కడదామండీ" అంది సుబ్బరత్నం.

సరిగ్గా అప్పుడే హైదరాబాదు విమానం లేచింది. గన్నవరం ఎయిర్‌పోర్టు గోడ పక్క ఇళ్లలో ఏ మాటైనా సగం చెవికీ సగం గాలికీ పోతుంది. ఎనభై నాలుగేళ్ల వెంకటసుబ్బారావుగారి వాటాకొచ్చిన సగంలో మేడ కాస్తా మేకయి కూర్చుంది.

"ఇంటి మీద మేకని కడతావా? పైకి గడ్డి ఎవరు మోస్తారమ్మా?" అన్నారాయన.

సాయంత్రానికి ఆ మేక వీధంతా మేసేసింది. మర్నాడు హనుమాన్ జంక్షన్ నుంచి మేకల రత్తయ్య ఒక పోతుని తాడుతో సహా తెచ్చి గుమ్మం ముందు నిలబెట్టాడు.

"డాబా ఎంతండీ, కొండలే ఎక్కుద్ది ఇది!"

సుబ్బరత్నం ఆ ఇద్దర్నీ సాగనంపింది. మామగారికి మాత్రం ఆ మేక బాగా అచ్చొచ్చింది. ఆ తర్వాత ఆమె ఎప్పుడు మేడ మాటెత్తినా, ఆకాశంలో కాకి కూడా లేకపోయినా, "మేక వద్దమ్మా" అనేవారు.

ఆమెకేమో మేడ లేకపోతే గడిచేట్టు లేదు. కూచిపూడిలో నేర్చుకున్న నాట్యాన్ని ముందు హాల్లో ఇరవై రెండు మంది పిల్లలకి నేర్పుతోంది. అందులోనే మామగారి మంచం, ఫ్రిజ్జు, కుట్టుమిషను. పదహారడుగుల హాల్లో అంతమంది అడుగులు ఎలా పడతాయి? దసరాలోగా చోటు చూపించకపోతే పిల్లల్ని గవర్నర్‌పేటలో చేర్పిస్తామని తల్లులు చెప్పేశారు. తాళం వేసే హాలుకి తాళం వేసుకోవాల్సిన రోజు దగ్గరపడింది.

ఇల్లు పైకి లేవకపోవడానికి కారణం ఆ హాల్లోనే గోడకి వేలాడుతోంది. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో మిలిటరీవాళ్లు, ఊరి పేరులోనే గన్ను ఉందని కాబోలు, ఇక్కడ విమానాలు దింపడానికి నేల చదును చేశారు. పన్నెండడుగులు దాటి చెట్టు గానీ కట్టడం గానీ ఉండకూడదని మామగారి తండ్రికి ఇంగ్లీషులో ఒక ఉత్తర్వు ఇచ్చారు. ఆయనకి ఇంగ్లీషు రాదు, భయం మాత్రం వచ్చు. పదకొండు కొబ్బరిచెట్లు కొట్టించి, వేలిముద్ర వేసి, ఉత్తర్వుకి ఫ్రేము కట్టించాడు. మిలిటరీ వెళ్లిపోయింది. టిక్కెట్టు కొనుక్కుని ఎక్కే విమానాలొచ్చాయి. రన్‌వే సాగింది, కొత్త టెర్మినల్ లేచింది. వీళ్లు మాత్రం మాట నిలబెట్టి, ఇంటిని పడుకోబెట్టారు. ఏటా ఆయుధపూజనాడు కత్తిపీటతోపాటు ఉత్తర్వుకీ బొట్టు పెడతారు.

సుబ్బరత్నం భర్త సంజీవరావు ఆర్టీసీ కండక్టరు. "రైట్ రైట్" అని బస్సుని కదిలించగలడు గానీ తండ్రిని కదిలించలేడు. అందుకని ఆమే ఎయిర్‌పోర్టు ఆఫీసుకి వెళ్లి, రెండంతస్తులకి అభ్యంతరం లేదన్న కాగితం తెచ్చుకుంది. మామగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇది విమానాలవాళ్ల మాటమ్మా. అది మిలిటరీ మాట. మా నాన్న వేలిముద్ర మీద నన్ను మేడ కట్టమంటావా?"

నాలిక కరుచుకుని, "అదే... మేక" అన్నారు.

సెప్టెంబరులో ఎయిర్‌పోర్టు నుంచి జెస్సికా అనే ఆఫీసరమ్మాయి వచ్చింది. టెర్మినల్లో ఎయిర్‌పోర్టు చరిత్రకి ఒక గోడ కేటాయించారట. ఆఫీసులో సుబ్బరత్నం చెప్పుకున్న ఉత్తర్వుని ఫొటో తీసుకుంటానంది. ఎన్నిసార్లు తీసినా అద్దంలో ఆ అమ్మాయి మొహమే పడుతోంది.

"తాతగారూ, ఫ్రేము విప్పొచ్చాండీ?"

"జాగ్రత్తమ్మా. నాకంటే రెండేళ్లే చిన్నది."

నాలుగు మేకులు ఊడాయి. కాగితం బయటికొచ్చింది. ఇన్నాళ్లూ చెక్క కింద దాగిన వేలెడు జాగా ఇంకా తెల్లగానే ఉంది. అందులో ఒకే ఒక్క వరస. జెస్సికా చదివి, తెలుగులో చెప్పింది.

"యుద్ధం ముగిసిన రోజు నుంచి ఈ ఉత్తర్వు చెల్లదు."

వెంకటసుబ్బారావుగారు కళ్లజోడు పెట్టుకుని మూడుసార్లు చదివారు. పోస్టుమాస్టరుగా చేసిన మనిషి, ఇంగ్లీషు కొత్త కాదు. ఫ్రేములో కనపడినంతా ఆయనకి కంఠతా వచ్చు.

"యుద్ధం నలభై అయిదులోనే అయిపోయిందండీ" అంది జెస్సికా.

"అయిపోయిందని తెలుసమ్మా. మా ఇంటి మీద కూడా అయిపోయిందని తెలీదు."

కాగితం మీంచి తలెత్తకుండానే, "కొట్టేటప్పటికి చెట్లకి గెలలున్నాయట" అన్నారు.

బయట విమానమొకటి లేచింది. అది పోయేదాకా కాగితం ఆయన చేతిలోనే ఉంది. తర్వాత దాన్ని జెస్సికా చేతిలో పెట్టారు.

"మీ గోడకే పెట్టుకోండమ్మా. మా గోడ పైకి పోవాలి." కోడలి వైపు తిరిగారు. "మెట్లకి కమ్మీ పెట్టించమ్మాయ్. నేనూ ఎక్కాలి."

సుబ్బరత్నం తలూపింది.

ఆయన అరుగు మీదికొచ్చేసరికి రత్తయ్య ఎదురింటి ముందు బేరంలో ఉన్నాడు.

"మేస్టారూ, మేక సంగతి తేలిందాండీ?"

ఎదురిల్లూ పక్కిల్లూ చెవులు రిక్కించాయి. వెంకటసుబ్బారావుగారు ఒకసారి ఆకాశం కేసి చూసి, ఏ విమానమూ లేదని రూఢి చేసుకుని, గొంతెత్తారు.

"మేక కాదురా, మేడ! మా కోడలు కడతానంది మేడ! మొదటిరోజు నాకు నిజంగానే వినపడలేదు. ఆ తర్వాత రోజూ వినపడింది."